పదో ప్యాసింజరు

వ్యాసర్‌పాడి సబ్‌వేలో మళ్లీ నీళ్లు.
చుట్టు తిరిగిపోయే షేర్ ఆటో
రెండు పక్కలా టార్పాలిన్ పరదాలు దించేసుకుంది.
లోపల తొమ్మిది మందిమి.
ఏ మోకాలు ఎవరిదో తెలీనంత దగ్గర.

ఒకతను దగ్గాడు.
మర్యాదస్తుడే, అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.
ఆ చేత్తోనే ఇరవై నోటు ముందుకి పంపాడు.
నేనందుకుని పక్కామెకి,
ఆమె డ్రైవరుకి.
చిల్లర అదే దారిన వెనక్కొచ్చింది.
అప్పుడే ఎక్కి ఉంటాడు పదో ప్యాసింజరు,
చార్జీ లేకుండా.

మందుల షాపులో ఇరవై రెండేళ్లు నిలబడ్డవాణ్ణి.
ఇదంతా నాకు తెలుసు.
తెలిసే
కుడికన్ను నులుముకున్నాను.

పులియంతోపులో ఆ వారమంతా ఒకటే పాట:
"అన్నా, ఆ మూడు రోజుల మాత్ర ఇయ్యి."
అది వేరే పురుగుకమ్మా, ఈ జ్వరానికి కాదు.
"పోయినసారి తగ్గిందే?"
తగ్గే రోజొచ్చి తగ్గింది,
పేరు మాత్రకొచ్చింది.
వినదు. ఎదురు షాపుకి పోతుంది.
నా పిసినారితనం గురించి అక్కడ రెండు మాటలు చెప్పి
మాత్ర కొనుక్కుంటుంది.

ఓబుళమ్మ మాత్రం కాయితం కూడా అడగలేదు.
కార్పొరేషన్ చీపురు, ఆకుపచ్చ కోటు,
ముత్తాతతో నెల్లూరు దాటొచ్చి ఇక్కడి ఉప్పుగాలికి కాస్త తుప్పుపట్టిన తెలుగు.
"జరానికొక బిళ్ళ. నాకు గాదు, పిల్లకి.
రేత్రి నించీ ఒళ్ళంతా రోట్లో దంచినట్టుందంట."
ఎన్నేళ్లు?
"ఏడో నెల."

బిళ్ళ ఇచ్చే చెయ్యి ఆగింది.
బిల్లు వెనక స్టాన్లీ అని రాశాను.
ఇవాళే. రేపు కాదు.
దీనికి అసలు మందొకటి ఉంది, డాక్టరు రాయాలి.
రెండు రోజుల్లోపు పడితేనే దాని సత్తా,
తర్వాత ఇస్తే
తడిసి ఇంటికొచ్చాక గొడుగు తెరిచినట్టు.
"పూట పోతే కూలి కోస్తారే" అంది.
అని, నా జవాబు కోసం ఆగకుండా
చీపురు నా షాపు మెట్టు పక్కనే పడేసి
పరుగెత్తింది.

మూడో రోజు నేను పడ్డాను.
చలి ముందొచ్చింది, వెనకాలే ఎముకల్లోకి ఎవరో మేకులు దించారు.
బాధ అదికాదు.
ముందురోజు నాకేమీ లేదు. గొంతు కాస్త గరగర, అంతే.
ఆ రోజే ఎనభై మందికి చిల్లరిచ్చాను.
వాన చప్పుడుకి వినబడక
కౌంటర్ మీదికి వంగి మరీ మాట్లాడాను.
ఆ రోజంతా
నేనే ఆ ఆటోని, పరదాలు దించుకుని.

ఇంకో సిగ్గుమాలిన సంగతి.
నా షాపు ఫ్రిజ్‌లోనే, ఇన్సులిన్ పక్కన,
ఈ ఏటి సూదిమందు వరసగా కూర్చుని ఉంది.
వాడు ఏటా చొక్కా మారుస్తాడు,
పోయినేటి ఆనవాలుతో ఒళ్ళు వాణ్ణి పట్టుకోలేదు,
అందుకే ఏటా వేయించుకోవాలని
పదిమందికి చెప్పాను.
నాకు తీరిక లేదన్నాను.

ఒక్క గదిల్లు మాది. మధ్యలో చీర కట్టాం.
మా సుగుణకి ఉబ్బసం; వాడు ఆమెని తాకితే
కథ ఇంకోలా ఉండేది.
జల్లు లోపలికొస్తున్నా కిటికీ తెరిచే ఉంచింది.
మిరియాల కషాయం, గంజి, గంజి, గంజి.
గిన్నె చీర కింద నుంచి తోసి
గరిటెతో రెండుసార్లు తట్టి పోయేది.
పదమూడేళ్ల కాపురంలో
అంత దూరం నుంచి అంత బాగా
మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

మళ్లీ షాపు తెరిచిన రోజు
చీపురు కోసం ఓబుళమ్మ వచ్చింది.
పిల్లకి జ్వరం దిగిందట. కడుపులోది తంతోందట.
చెబుతూ చెబుతూ పక్కకి తిరిగి
మోచేతి మడతలోకి దగ్గింది.
ఆస్పత్రిలో నేర్పారా అన్నాను.
"ఎవురు నేర్పాల?
చెయ్యి చిల్లరకి గావాల గదన్నా."

సాయంత్రం ఆటోలో
నా వైపు పరదా జానెడు ఎత్తాను.
"వాన పడతా ఉంది, కన్ను తెలీదా?"
వెనక నుంచి ఎవరో కసిరారు.
తెలుసండీ.
ఎడమ భుజం తడుస్తూనే ఉంది.